బొమ్మసంద్రలో మత్స్యావతారం: ఒక జలప్రళయ కథపై కొన్ని సందేహాలు

బెంగళూరు నుంచి హోసూరు పోయే దారిలో, ఆనేకల్ తాలూకాలో, బొమ్మసంద్ర అనే ఊరుంది. ఇప్పుడది ఫ్యాక్టరీల ఊరు. 2025 ఆగస్టులో మొదలైన పసుపు మార్గం మెట్రోకు చివరి స్టేషను కూడా అదే. ఊరి పేరు చివర ఉన్న 'సంద్ర' అన్నది సముద్ర శబ్దానికి వాడుక రూపం. మన పల్లెల్లో 'సంద్రం' అనే మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. అయితే బొమ్మసంద్రకు అసలు సముద్రం ఎటు చూసినా దాదాపు మూడువందల కిలోమీటర్ల దూరం. ఆ ప్రాంతాల్లో చెరువు తవ్వించినవారు దానికి 'సముద్రం' అని పేరు పెట్టుకోవడం మామూలు. దాని గట్టున వెలసిన ఊరికి ఆ పేరే నిలిచేది. అదే మెట్రో దారిలో సింగసంద్ర ఉంది, దగ్గరలోనే కమ్మసంద్ర ఉంది. ఒక టిక్కెట్టుతో రెండు సముద్రాలు చూడవచ్చునన్నమాట. తెలుగు చెవికి 'బొమ్మసంద్రం' అంటే ఆటబొమ్మ సముద్రం అనిపిస్తుంది. ఆ అర్థం తప్పే కావచ్చు గాని, ఈ వ్యాసానికి అది పనికివస్తుంది.

గత వానాకాలంలో ఒక ఆదివారం బొమ్మసంద్రలో కొందరు తెలుగు పిల్లలతో కూర్చుని పురాణ కథలు చెప్పుకునే అవకాశం మాకు కలిగింది. వారిలో కొందరు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చిన కుటుంబాల పిల్లలు. మరికొందరు ఆనేకల్, హోసూరు ప్రాంతాల్లో తరతరాలుగా ఉన్నవారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో. ఆనాటి కథ మత్స్యావతారం. శతపథ బ్రాహ్మణంలో ఉన్న పాత కథ దగ్గర మొదలుపెట్టాము. జలప్రళయం వచ్చింది, జీవులన్నీ కొట్టుకుపోయాయి, మనువు ఒక్కడే మిగిలాడు. నీరు తీశాక అతడు నేతినీ పెరుగునూ మీగడనూ నీళ్లలో వేల్చి హోమం చేశాడు. ఇంతవరకు వచ్చేసరికి వెనక వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మాస్టారూ, జీవులన్నీ పోయాయంటున్నారు గదండీ. మరి నెయ్యి ఎక్కడిదండీ?"

పక్కనే కూర్చున్న వాళ్ల తాతగారికి కోపం వచ్చింది. "పెద్దల కథకి వంకలు పెట్టకూడదమ్మా" అన్నారు.

"వంక కాదు తాతా, ఆవు గురించి అడిగాను" అంది ఆ పిల్ల.

అందరూ నవ్వారు, మేమూ నవ్వాము. కాని నవ్వితే సమాధానం చెప్పినట్టు కాదు. తాతగారి బాధ కూడా తేలికగా తీసిపారేయదగింది కాదు. సొంత నేలకు దూరంగా ఉన్నవారికి భాషా, నాలుగు కథలూ తప్ప వెంట వచ్చేది తక్కువ. ఆ నాలుగింటికీ చిల్లులు పెడితే ఇక ఏం మిగులుతుందన్నది ఆయన భయం. కథను నమ్మితేనే మనవాళ్లమా, ప్రశ్నిస్తే పరాయివాళ్లమైపోతామా? ఆ రోజు మేము సరిగా చెప్పలేకపోయిన సమాధానాన్ని ఇక్కడ చెప్పడానికి ప్రయత్నిస్తాము.

చేపకు దొరికిన పదోన్నతులు

ముందుగా గమనించవలసింది, మత్స్యావతార కథ ఒకటి కాదు. ఇంతవరకు దొరికిన భారతీయ కథల్లో పాతది శతపథ బ్రాహ్మణంలోనిది. పండితులు దానిని సుమారు క్రీ.పూ. 8వ, 7వ శతాబ్దాల ప్రాంతానికి చెందినదిగా లెక్కిస్తారు. పొద్దున్నే చేతులు కడుక్కోవడానికి తెచ్చిన నీళ్లలో మనువు చేతికి ఒక చేపపిల్ల దొరుకుతుంది. "నన్ను పెంచు, నిన్ను కాపాడతాను" అంటుంది. చిన్నచేపను పెద్దచేప తింటుంది కనుక, పెరిగేదాకా తనకు రక్షణ కావాలి. ముందు కుండలో, తరువాత గుంటలో, చివరకు సముద్రంలో. ఫలానా ఏడు ప్రళయం వస్తుంది, పడవ కట్టుకో అని చెప్పి పోతుంది. ప్రళయం రాగానే పడవ తాడు దాని కొమ్ముకు కట్టగా, ఉత్తర పర్వతం దాకా లాక్కుపోతుంది. ఈ కథలో చేప దేవుడని ఎక్కడా లేదు. విష్ణువు పేరే రాదు. సప్తర్షులు లేరు, విత్తనాలు లేవు, వేదాలు దొంగిలించిన రాక్షసుడూ లేడు. ఒక బుద్ధిగల చేపకూ ఒక మనిషికీ కుదిరిన ఒప్పందం, అంతే.

మహాభారతం అరణ్యపర్వానికి వచ్చేసరికి మార్కండేయుడు ఇదే కథను ధర్మరాజుకు చెబుతాడు. తెలుగు భారతంలో ఇది నన్నయ విడిచిపెట్టిన తరువాత ఎర్రన పూరించిన భాగంలో పడుతుంది. ఇక్కడ మనువు చీరిణీ నది ఒడ్డున తపస్సు చేస్తుంటాడు. పడవలోకి సప్తర్షులు ఎక్కుతారు, విత్తనాలు చేరతాయి. పడవను కట్టిన హిమాలయ శిఖరానికి నౌబంధనమని పేరు వస్తుంది. కథ చివర చేప తానెవరో చెబుతుంది: "నేను ప్రజాపతిని, బ్రహ్మను." ఇది మొదటి పదోన్నతి.

మత్స్యపురాణంలో ఆ చేపే విష్ణువు. ఇది రెండవది. భాగవతం అష్టమ స్కంధంలో విష్ణువుకు ఇంకొక పని కూడా అప్పగించారు. బ్రహ్మ నిద్రపోతుండగా వేదాలు అపహరించిన హయగ్రీవుడనే దానవుణ్ణి చంపి వాటిని తిరిగి తేవాలి. మన జనం నోట ఆ రాక్షసుడు సోమకాసురుడు. కుండలో చేపగా చేరినవాడు నాలుగు గ్రంథాల్లో జగద్రక్షకుడయ్యాడు. ఇంత సక్రమంగా పదోన్నతులు పొందినవాణ్ణి మేము ఏ కార్యాలయంలోనూ చూడలేదు.

చేప హోదాతోపాటు కథ జరిగే చోటు కూడా మారింది. శతపథంలో అది ఉత్తర పర్వతం. భారతంలో హిమాలయం. మత్స్యపురాణంలో మనువు మలయపర్వత ప్రాంతంలో తపస్సు చేస్తాడు. భాగవతంలోనైతే అతడు మనువు కూడా కాదు, సత్యవ్రతుడనే రాజు. అతడు ద్రవిడదేశపు ప్రభువు, తర్పణం విడుస్తున్నది కృతమాలా నదిలో. ఆ నదిని మదురై ప్రాంతపు వైగై పాయగా గుర్తిస్తారు. ఉత్తరాన మొదలైన కథ ఊరు మారి దక్షిణాదికి వచ్చి, స్థానికుడై, ఇల్లు కట్టుకుందన్నమాట. ఎక్కడికి పోతే అక్కడి నదిలో దిగింది. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకు ఈ సంగతి ప్రత్యేకంగా విప్పి చెప్పనక్కరలేదు.

కొన్ని లెక్కలు

ఇక చేప పరిమాణం. భాగవతంలో అది రాత్రికి రాత్రే కమండలం నిండా పెరిగింది. నీళ్లతొట్టిలో వేస్తే ఒక్క ముహూర్తంలో మూడు మూరలైంది. ముహూర్తమంటే 48 నిమిషాలు, మూడు మూరలంటే నాలుగున్నర అడుగులు. మన చేపల చెరువుల యజమానులు ఈ భాగం చదివితే వదలరు. చివరకు సముద్రంలో విడిచిపెట్టబోతే, అక్కడి మొసళ్లు తనను తినేస్తాయని మొరపెట్టుకుంది. శతపథంలో పసిచేపకు ఉన్న భయం అది. భాగవతంలో ఇంతలావు చేపకు కూడా ఆ భయం మిగిలిపోయింది. పాత కథను కొత్త కథలో కలిపి కుట్టినప్పుడు ఇలాంటి అతుకులు కనబడతాయి.

భారతంలో ఆ చేప రెండు యోజనాల పొడవూ ఒక యోజనం వెడల్పూ ఉన్న బావిలో పట్టలేదు. యోజనాన్ని ఒక్కొక్కరు ఒక్కో విధంగా లెక్కిస్తారు. పదమూడు కిలోమీటర్లనుకుంటే, ఆ చేప తోక బొమ్మసంద్రలో ఉంటే తల మెజెస్టిక్ దాకా పోతుంది. దానిని మనువు ఎత్తుకుపోయి గంగలో వేశాడు, అక్కడా ఇరుకైతే మళ్లీ ఎత్తుకుపోయి సముద్రంలో విడిచాడు. "ఎలా మోశాడు? ఆ వాసన ఎలా భరించాడు?" అని అడగబుద్ధి వేస్తుంది. తమాషా ఏమిటంటే ఆ ప్రశ్న కథకుడికీ తట్టింది. ఎంత పెద్దదైనా అది మనువుకు మోయడానికి తేలికగా ఉందనీ, తాకడానికీ వాసనకూ హాయిగా ఉందనీ భారతం పనిగట్టుకుని చెబుతుంది. అంటే రెండువేల ఏళ్ల కిందటి శ్రోతల్లో కూడా ముక్కు మూసుకున్నవాడొకడు ఉండే ఉంటాడు.

చివరకు ప్రళయజలాల్లో కనబడిన బంగారు చేప నియుత యోజనాలదని భాగవతం అంటుంది. నియుతమంటే లక్ష అని కొందరు, పదిలక్షలని కొందరు. తక్కువదే తీసుకుందాం. లక్ష యోజనాలంటే పదమూడు లక్షల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత నలభైవేలు. చంద్రుడున్న దూరం మూడు లక్షల ఎనభై నాలుగు వేలు. ఆ చేప భూమి మీది నీళ్లలో ఈదలేదు, భూమే దాని పొలుసుల మధ్య ఎక్కడో చిక్కుకోవాలి. ఇటువంటి అంకెలు కొలతలు కావు, విశేషణాలు. చెరువును సముద్రమన్నట్టే ఇదీ. బొమ్మసంద్ర అనే పేరు చూసి ఓడరేవుకు టిక్కెట్టు అడిగేవాడు ఎంత పొరబడతాడో, లక్ష యోజనాలను టేపు పట్టుకుని కొలిచేవాడూ అంతే పొరబడతాడు. ఆ పేరు పెట్టినవాడు అబద్ధాలకోరని తిట్టేవాడిదీ అదే పొరపాటు.

శ్రీధరస్వామికి వచ్చిన చిక్కు

ప్రశ్నించడం పాశ్చాత్యుల దగ్గర నేర్చుకున్న దురలవాటని కొందరనుకుంటారు. ఇది నిజం కాదు. భాగవతానికి ప్రసిద్ధ వ్యాఖ్యానం రాసిన శ్రీధరస్వామికి ఈ కథ దగ్గరే పెద్ద చిక్కు వచ్చింది. ఆయన 14వ శతాబ్ది ప్రాంతపువాడు, భక్తుడు, సన్యాసి. కథ మొదట్లో ఈ ప్రళయం గతకల్పం చివర, బ్రహ్మకు పగలు ముగిసినప్పుడు, వచ్చిందని ఉంది. సత్యవ్రతుడేమో చాక్షుష మన్వంతరంలో ఉన్నాడు. అంటే బ్రహ్మ పగటి నడుమ. చేప అతనికి ఇచ్చిన గడువు ఏడు రోజులు. తరువాత అతడే ఈ కల్పంలో వైవస్వత మనువయ్యాడు. పగలు ముగియకుండా రాత్రి ప్రళయం ఎలా వస్తుంది? పురాణాల కాలగణన ప్రకారమే ఈ లెక్క పొసగదు.

దీనిపై తర్కించిన శ్రీధరస్వామి, ఇది నిజంగా జరిగిన ప్రళయం కాదనీ, సత్యవ్రతునికి జ్ఞానం కలగడానికి భగవంతుడు చూపిన మాయ అనీ సమాధానపడ్డాడు. తరువాతి వ్యాఖ్యాతల్లో ఈ విషయమై వాదోపవాదాలు సాగాయి. ఎవరిది ఒప్పన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ఆరువందల ఏళ్ల కిందట ఒక పరమభక్తుడు తన పవిత్రగ్రంథాన్ని ముందు పెట్టుకుని, ఇక్కడ లెక్క కుదరడం లేదని బాహాటంగా రాయగలిగాడు. ఎవరూ ఆయనను వెలివేయలేదు. ఆయన వ్యాఖ్యానాన్ని ఇప్పటికీ నెత్తిన పెట్టుకుంటున్నారు. బొమ్మసంద్ర అమ్మాయి అడిగిన నెయ్యి ప్రశ్న ఈ సంప్రదాయానికి చెందినదే.

కాశీలో పుట్టిన నోవహు కొడుకులు

ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో చెప్పే ఉదంతం కూడా మన దేశంలోనే జరిగింది. 18వ శతాబ్ది చివర కంపెనీ ఉద్యోగులైన ఆంగ్ల పండితులకు ఒక ఆరాటం ఉండేది. బైబిలులో నోవహు జలప్రళయం ఉంది. ఆర్చిబిషప్పు అషర్ లెక్క ప్రకారం అది క్రీ.పూ. 2348లో వచ్చింది. హిందువుల గ్రంథాల్లో దానికి సాక్ష్యం దొరికితే బైబిలు చరిత్రకు బలం. సర్ విలియం జోన్స్ సత్యవ్రతుని కథ చూసి, ఇతడే నోవహు అన్నాడు. అషర్ చెప్పిన ఏటికి గీజా పిరమిడ్లు కట్టి రెండు శతాబ్దాలు గడిచాయన్న సంగతి అప్పటికింకా ఎవరికీ తెలియదు. ఐగుప్తు రాజులు మాత్రం ఆ ప్రళయాన్ని గమనించకుండానే రాజ్యం చేసుకుపోయారు.

కాశీలో ఫ్రాన్సిస్ విల్‌ఫర్డ్ అనే సైనిక ఇంజనీరు మరొక అడుగు ముందుకు వేశాడు. ఒక పండితుణ్ణి నియమించి, బైబిలు కథలు చెప్పి, ఇటువంటివి పురాణాల్లో ఎక్కడున్నాయో వెదికిపెట్టమన్నాడు. సహాయకులను పెట్టుకోవడానికి డబ్బూ ఇచ్చాడు. వెదకడం కష్టం, డబ్బు దాచుకోవడం సులభం. కొంతకాలానికి పద్మపురాణంలోదంటూ ఒక భాగం బయటపడింది. సత్యవర్మ అనే రాజుకు ముగ్గురు కొడుకులు: శర్మ, చర్మ, జ్యాపేతి. బైబిలు చదివినవారికి షేము, హాము, యాపెతు గుర్తుకు వస్తారు. తండ్రి తాగి పడి ఉంటే చర్మ నవ్వాడు, శాపం తగిలింది. బైబిలులో హాము కథ కూడా ఇదే. 1792లో ఏషియాటిక్ రిసెర్చెస్ మూడవ సంపుటంలో ఇదంతా అచ్చయింది. ఐరోపా పండితలోకం పొంగిపోయింది.

తరువాత విల్‌ఫర్డ్ ప్రతులు తిరిగి చూసుకున్నప్పుడు కొన్ని అక్షరాల మీద సిరా కొత్తగా కనబడింది. పేర్లు మార్చారు, ఆకులు మార్చారు, కొన్ని కథలు మొత్తంగా కొత్తగా అల్లారు. నిలదీస్తే ఆ పండితుడు పదిమంది బ్రాహ్మణులను తెచ్చి ప్రమాణం చేయించబోయాడు. చివరకు 1805లో అదే పత్రికలో విల్‌ఫర్డ్ తాను మోసపోయానని ఒప్పుకున్నాడు. మెచ్చుకోదగిన పనే. అయితే జోన్స్ అప్పటికి పదకొండేళ్ల కిందటే, ఆ మోసం తెలియకుండానే, కన్నుమూశాడు.

ఈ ఉదంతంలో మోసగాణ్ణి తిట్టడం తేలిక. కాని సరుకు అడిగినవాడు లేకుండా అమ్మినవాడు లేడు. తనకు కావలసిన జవాబు ముందే తెలిసినవాడికి, ఆ జవాబే దొరికితే అనుమానం రాదు. ఇది దొరకు మాత్రమే ఉన్న రోగం కాదు. ఇవాళ మన పురాణాల్లో విమానాలూ అణ్వస్త్రాలూ వెదికేవారికి, అడిగినవన్నీ దొరకడంలో ఆశ్చర్యం లేదు. చరిత్ర విద్యార్థి మొదట అనుమానించవలసింది తన మనసుకు బాగా నచ్చిన ఆధారాన్ని.

పుట్టి ఎక్కిన ప్రళయం

నోవహు కథకు తాతగారు వేరే ఉన్నారని 1872లో తెలిసింది. బ్రిటిష్ మ్యూజియంలో జార్జి స్మిత్ అనే ఉద్యోగి నినెవే నుంచి వచ్చిన మట్టిపలకలు చదువుతూ, గిల్గమేషు కావ్యంలో జలప్రళయ కథను గుర్తించాడు. ఆ ఆనందంలో గదిలో పరుగులు తీస్తూ బట్టలు విప్పడం మొదలుపెట్టాడని తరువాత మ్యూజియం పండితుడు బడ్జ్ రాశాడు. చరిత్ర పరిశోధనలో ఇంత ఉత్సాహం అరుదు.

మెసొపొటేమియాలో ఈ కథకు అత్రహాసిస్ అనే ఇంకొక పాత రూపం ఉంది. దానిలో ప్రళయానికి కారణం పాపం కాదు. మనుషుల గోలకు ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టలేదు, అంతే. హోసూరు రోడ్డు మీద హారన్లు విన్నవారెవరికైనా ఎన్లిల్ మీద కొంత సానుభూతి కలుగుతుంది. 2014లో బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ ప్రకటించిన పలక మరీ విచిత్రమైనది. సుమారు క్రీ.పూ. 1750 నాటి ఆ పలకలో దేవుడు కట్టమన్న నావ గుండ్రంగా ఉంది. తాళ్లు చుట్టలు చుట్టి అల్లి, పైన కీలు పూయాలి. నేల వైశాల్యం 3600 చదరపు మీటర్లు. ఇది మనకు తెలియని వస్తువు కాదు. కృష్ణ మీద, తుంగభద్ర మీద మనవాళ్లు ఎక్కే పుట్టి ఇదే. లోకంలోని జీవులన్నీ పుట్టి ఎక్కి బతికాయన్నమాట. ఆ కొలతల్లో చిన్న నమూనా ఒకటి కేరళలో కట్టి నీళ్లలోకి దింపారు. తేలింది. కాని నీళ్లు లోపలికి ఊరుతుంటే తోడిపోయడానికి పంపు పెట్టవలసివచ్చింది. నోవహుకు ఆ సదుపాయం ఉన్నట్టు ఎక్కడా లేదు.

అయితే మన కథ అక్కడినుంచి వచ్చిందా? పోలికలు చూసి ఔనన్నవారున్నారు, కాదన్నవారున్నారు. పోలిక ఒక్కటే దొంగతనానికి రుజువు కాదు. తేడాలు కూడా చూడాలి. శతపథంలో దేవుడికి కోపం లేదు, మనుషులకు పాపం లేదు, నలభై రోజుల వానా లేదు. ప్రళయం వస్తుంది, అంతే. ఎవరి తప్పూ కాదు. బైబిలులో నోవహు నీతిమంతుడు కనుక బతికాడు. మనువు ఒక చేపపిల్లను పెంచాడు కనుక బతికాడు. ఈ తేడా మాకు చాలా ముఖ్యమనిపిస్తుంది.

ఎవరి లోకం మునిగింది?

లోకమంతా మునిగినట్టు భూగర్భంలో సాక్ష్యం లేదు. 1929లో లియొనార్డ్ వూలీ ఊర్ నగరంలో తవ్వి, దాదాపు మూడు మీటర్ల ఒండ్రుపొర చూపించి, ఇదే ఆ ప్రళయమన్నాడు. కాని ఇరుగుపొరుగు నగరాల్లో దొరికిన ఒండ్రుపొరలు వేరువేరు కాలాలవి. ఒక మహాప్రళయం కాదు, అనేక వరదలు. అయినా ఇళ్లు మునిగినవారికి మునిగింది లోకమే. చుట్టూ కంటికి ఆనినంత మేరా నీరే అయినప్పుడు, అవతల ఊళ్లో పొయ్యి వెలుగుతోందని ఎవరికి తెలుస్తుంది?

మనవాళ్లకిది కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగినప్పుడు సుమారు పదిహేనువేలమంది పోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా బతికారు. ఆ చెట్టు వారి నౌబంధనం. అప్పటి నిజాము నది ఒడ్డుకు వచ్చి గంగమ్మతల్లికి పూజ చేశాడని హైదరాబాదులో చెప్పుకుంటారు. ఆ తరువాత ప్రభుత్వం ఇంకొక పని కూడా చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. పూర్వికుల ఊరు తెలుగుసీమలో, పుట్టింది మైసూరు సంస్థానంలో అయిన ఆయన, నదికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలని లెక్కలు వేసి చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు పోయినవారు పదివేలకు తగ్గరు. అక్కడ కొమ్మున్న చేప రాలేదు. ఆ రాత్రి మిగిలినవారిని అడిగితే, లోకం మునిగిందనే చెబుతారు. వారిది అతిశయోక్తి అనగలమా?

2022 సెప్టెంబరు మొదటివారంలో బెంగళూరులో ఒక్కరోజు 130 మిల్లీమీటర్లు దాటి వాన పడింది. బెల్లందూరు, సర్జాపూరు దారుల్లో కంప్యూటరు ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయారు. దీనినీ దైవికమన్నవారున్నారు. కాని ఒక చెరువు నిండితే మిగులునీరు తరువాతి చెరువుకు పోయేలా పూర్వులు తవ్విన రాజకాలువలు ఉండేవి. వాటిని పూడ్చి ఇళ్లు కట్టింది దేవుడు కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, చెరువు కట్టడానికి కావలసిన పన్నెండు అంగాలూ తప్పించవలసిన ఆరు దోషాలూ చెబుతుంది. గట్టు ఊరడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దున కట్టడం మరొకటి. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా ఇస్తుంది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనంలో చెరువు పేరు అనంతరాజసాగరం. పేరులో సాగరమన్న అతిశయోక్తి, కింద బండ్ల లెక్క. రెండూ ఒకే రాతి మీద ఉన్నాయి. ఎక్కడ పాట పాడాలో, ఎక్కడ కొలత వేయాలో ఆ రాయి చెక్కించినవారికి తెలుసు.

అనుమానం వల్ల కలిగే లాభం ఇదే. ప్రళయాన్ని అక్షరాలా నమ్మి దైవానికి అప్పగిస్తే, కాలువ పూడ్చినవాడు తప్పించుకుంటాడు. కట్టుకథ అని అవతల పారేస్తే, అందులోని ఒక్క మంచిమాట కూడా పోతుంది. చేప చేసిన అసలు పని ఈదడం కాదు, ముందుగా చెప్పడం. మనువు చేసిన అసలు పని తపస్సు కాదు, విని పడవ కట్టుకోవడం. చేప ఎంత పెద్దదైనా పడవ మాత్రం మనిషే కట్టుకున్నాడని పాత కథ గుర్తుంచుకుంది.

ఇక నెయ్యి సంగతి. ఆ అమ్మాయికి మేమివ్వగల జవాబు ఇంతే. శతపథ బ్రాహ్మణం యజ్ఞం ఎలా చేయాలో చెప్పే గ్రంథం. ఆ హోమంలోంచి ఇడ అనే స్త్రీ పుట్టిందని కథ చెబుతుంది. యజ్ఞంలోని ఇడ అనే భాగానికి పుట్టుక చెప్పడమే కథకుడికి ముఖ్యం. ఆవు ఆయనకు గుర్తు రాలేదు. మూడువేల ఏళ్లకు దగ్గరగా ఎందరో చదివారు, ఆవును అడిగిన పిల్ల మాకు బొమ్మసంద్రలో దొరికింది. తాతగారికి కూడా ఒక మనవి. ఆ కథను ఆ పిల్ల ఊరికే విని వదిలేయలేదు, ఇంటికి తీసుకుపోయింది. సందేహం పుట్టేంత శ్రద్ధగా విన్నది. కథను కాపాడడమంటే అదేనని మా నమ్మకం.

చివరగా ఒక చిన్న మాట. 'బొమ్మ' అంటే ఆటబొమ్మ ఒక్కటే కాదు. పాత తెలుగులోనూ కన్నడంలోనూ అది బ్రహ్మ శబ్దానికి తద్భవం. భారతంలోని చేప తాను బ్రహ్మనని చెప్పింది కదా. అలా చూస్తే బొమ్మసంద్ర బ్రహ్మగారి సముద్రం, మత్స్యావతారం జరగడానికి ఇంతకంటే తగిన చోటు లేదు. ఈ ఊహకు మా దగ్గర ఎలాంటి ఆధారమూ లేదు. మనసుకు మాత్రం చాలా నచ్చింది. కనుక విద్యార్థులు దీనిని మొదట అనుమానించాలని కోరుతున్నాము.